మూడు మిల్లీల తరుగు

ఆ గురువారం మధ్యాహ్నం పెద్దపిల్ల దుకాణానికి అన్నం క్యారేజీతో పాటు ఒక గొట్టం కూడా మోసుకొచ్చింది. నల్లటి ప్లాస్టిక్ గొట్టం, దానికో మూత, భుజాన వేసుకోవడానికో పట్టీ. లోపల చుట్టి పెట్టిన కాగితం ఒకటే. ఒక్క కాగితానికి ఇంత పల్లకీ సేవా అనుకున్నాడు అద్దాలాయన.

"ఎవరిదే అది?"

"ప్లాన్ల మాష్టారిది నాన్నా. కాగితం మడత పడకూడదన్నారు."

"పడితే ఏమవుతుందట, ఇల్లు కూలుతుందా?"

పిల్ల నవ్వలేదు. పదకొండేళ్ళది. ఏడాది కిందటి దాకా ఇలాంటి మాటకి పకపకా నవ్వేది. ఇప్పుడు గొట్టం మూత తిప్పి, కాగితాన్ని రెండు వేళ్ళతో బయటికి లాగి, బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు బరువులు పెట్టింది. పుట్టీ డబ్బా, టేపు, సుత్తి, క్యారేజీ మూత. ఆ పెట్టడంలో కూడా ఒక పద్ధతి. ఆ పద్ధతి తన దగ్గర నేర్చింది కాదు. అన్నం నోట్లో పెట్టుకోకముందే పంటి కింద రాయి తగిలినట్టయింది అతనికి.

అతని పిల్లలిద్దరూ బడికి వెళ్ళరు. తల్లే ఇంట్లో చెబుతుంది. అలా ఇంట్లో చదువుకునే పిల్లలున్న కుటుంబాలు ఆ చుట్టుపక్కల ఏడున్నాయి. ప్రతి శనివారం అందరూ గ్రంథాలయం వెనక హాల్లో కలుస్తారు. ఎవరికి వచ్చింది వాళ్ళు పిల్లలందరికీ చెప్పాలని పెట్టుకున్నారు. డాక్టరమ్మ ఎముకలు చెబుతుంది, బ్యాంకాయన చదరంగం చెబుతాడు, ఇళ్ళకు ప్లాన్లు గీసే ఆయన గీతలూ కొలతలూ చెబుతాడు. హాలు గోడ మీద పట్టిక ఉంది, ఒక్కో పేరుకి ఎదురుగా ఒక్కో విద్య. అద్దాలాయన పేరుకి ఎదురుగా 'సామాను' అని ఉంది. గాజు కావాల్సి వస్తే గాజు ఇవ్వడం అన్నమాట. ఏడో తరగతిలో పుస్తకాలు అటక మీద పడేసినవాడికి అదే ఎక్కువ అనుకున్నారు కాబోలు. వాళ్ళు ఆ మాట అనలేదు. అతనే అనుకుని, వాళ్ళు అన్నంత బాధా పడ్డాడు.

"మా మొక్కల గాజు గదికి పన్నెండు గాజులు నాన్నా," అంది పిల్ల, కాగితం మీద వేలు పెట్టి. "గోడలకి ఎనిమిది, పైకప్పుకి నాలుగు. చట్రం అయిపోయింది. రంగు కూడా వేశాం. శనివారం గాజులు బిగించేస్తే బుధవారం విద్యాశాఖ మేడమ్‌గారు వచ్చేసరికి లోపల మొక్కలు కూడా పెట్టేస్తాం. ఈ గాజు గది గురించి ఆవిడకి చెప్పేది నేనే. మాష్టారు నన్నే చెప్పమన్నారు."

"బాగానే ఉంది."

"ఈ కొలతలు మేం ఎలా రాశామంటే..."

"నాకు చదవడం వచ్చులేవే."

"అది కాదు నాన్నా, ముందు ఆయన..."

"ఆయన రాశాడు, నేను కోస్తాను. మధ్యలో నీ రాయబారం ఎందుకు? అన్నం చల్లారిపోతోంది."

పిల్ల కాగితం మీంచి వేలు తీసేసింది. రోజూ అతను తినేంతసేపూ మూల స్టూలు మీద కూర్చుని, గాజు పొట్లాలకు చుట్టే పాత పేపర్లు చదువుకుంటూ, వచ్చేపోయేవాళ్ళను చూస్తూ ఉంటుంది. ఆ రోజు స్టూలు మీద కూర్చోలేదు. ఖాళీ గొట్టం భుజాన వేసుకుని, ఖాళీ క్యారేజీ కోసం కూడా ఆగకుండా గుమ్మం దిగింది.

ఆమె వెళ్ళగానే పక్క బడ్డీలోని తాళాలాయన మెడ ఇటు చాచాడు. తాళాలు చేసేవాడికి అందరి తలుపులూ తనవే అనిపిస్తాయి.

"ఏం అన్నా, అమ్మాయి అమ్ములపొది తగిలించుకుని యుద్ధానికి పోతోందే!"

"వాళ్ళ మాష్టారిది."

"ఆ కారాయనేనా? మొన్న మీ పిల్లలిద్దర్నీ దించి వెళ్ళాడు. మనిషి మెత్తగా ఉన్నాడు, దూదిలాగా. నాకు కూడా నమస్కారం పెట్టాడయ్యా!" తాళాలాయన చేతిలోని తాళంచెవిని ఆకురాయితో రెండుసార్లు రుద్ది, ఊదాడు. "అయినా నువ్వూ గీసేవాడివే, ఆయనా గీసేవాడే. కాగితం మీద గీస్తే మాష్టారు, గాజు మీద గీస్తే మేస్త్రీ. ఖర్మ అంటే అదీ."

"నీ తాళాలు నువ్వు చూసుకో."

"చూసుకుంటాను, చూసుకుంటాను. నీ ఇంటి తాళంచెవి మాత్రం ఎవరి చేతికిచ్చావో చూసుకో."

అద్దాలాయన జవాబు చెప్పకుండా కాగితం మీదకు వంగాడు. గీతలు వెంట్రుకల్లా సన్నగా, తిన్నగా ఉన్నాయి. కింద కుడిమూల ఆయన ఆఫీసు ముద్ర, సంతకం. గోడ గాజు మూడొందలు బై నాలుగొందలు. కప్పు గాజు మూడొందలు బై ఐదొందలు.

అతను ఆ అంకెల దగ్గర ఆగిపోయాడు.

ఇరవై ఆరేళ్ళుగా ఈ బల్ల ముందు నిలబడి ఎవరు ఏ కొలత చెప్పినా అతను అడిగే ప్రశ్న ఒకటే: ఖాళీ కొలతా, గాజు కొలతా? చెక్కకీ చెక్కకీ మధ్య ఉన్న ఖాళీ ఎంతో అంత గాజు కోస్తే అది లోపలికి పోదు. పోయినా ఇరుక్కుంటుంది, చెక్క కాస్త ఉబ్బగానే పగుళ్ళిస్తుంది. ఖాళీ కొలతలో మూడు మిల్లీలు తరుగు తియ్యాలి, పొడవులోనూ వెడల్పులోనూ. గాజుకి ఊపిరాడాలి. జనానికి అది తెలియదు, తెలియక్కర్లేదు. వాళ్ళు ఖాళీ కొలిచి చెబుతారు, అతను తరుగు తీసి కోస్తాడు. సున్నాలతో ముగిసే గుండ్రటి అంకెలన్నీ ఖాళీలవే. రెండొందల తొంభై ఏడు కావాలని అడిగే మనిషి పుట్టలేదు.

మరి ఇవి గుండ్రటి అంకెలు. ముద్ర వేసి, సంతకం పెట్టి మరీ ఇచ్చిన గుండ్రటి అంకెలు.

అయితే ఈయనకి తెలియదన్నమాట! అంతంత మేడలు గీస్తాడు, ఒక కిటికీ అద్దం ఎలా కూర్చుంటుందో తెలియదు! ఆ మాట లోపల పుట్టగానే అద్దాలాయనకి ఎన్నాళ్ళుగానో లేనంత ఆకలి వేసింది. క్యారేజీ దగ్గరికి లాక్కుని కడుపు నిండా తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, ఫోను చేసి అడగాలా అని ఒక్క క్షణం అనుకున్నాడు. "ఖాళీ కొలతేనా అండీ?" అంటే సరిపోతుంది. రెండు ముక్కలు. అడిగితే ఆయన 'అవునండీ, థాంక్సండీ' అంటాడు, ఆ మెత్తటి గొంతుతో. ఆయన పరువు నిలబడుతుంది. పిల్లల ముందు మళ్ళీ ఆయనే మాష్టారు, తను సామాను.

రాసింది రాసినట్టు కోస్తాను, అనుకున్నాడు. పెద్దల రాత దిద్దడానికి నేనెవణ్ణి?

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర పిల్ల చెబుతూనే ఉంది. పెన్సిలుతో గీత లాగేటప్పుడు దాన్ని వేళ్ళ మధ్య మెల్లగా తిప్పుతూ లాగాలట. అప్పుడు మొన ఒకవైపే అరగదట, గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు వస్తుందట.

"మాష్టారు అలా తిప్పుతుంటే అసలు తిప్పుతున్నట్టే ఉండదమ్మా."

"గారడీ," అన్నాడు అద్దాలాయన.

"నాన్నా, నీ ఒంట్లో అన్నిటికన్నా పెద్ద ఎముక ఏది?" అన్నాడు ఏడేళ్ళ బుడ్డోడు, నోటి నిండా ముద్దతో.

"వీపు మీద పగిలేది."

"తప్పు! తొడ ఎముక!"

భార్య నవ్వింది. ఎంగిలి కంచాలు తీసి, బల్ల తుడిచి, రోజు పుస్తకం తెరిచింది. పిల్లలు ఆ రోజు ఏం నేర్చుకున్నారో, ఎవరు నేర్పారో ఆమె అందులో రాస్తుంది. విద్యాశాఖ వాళ్ళు వచ్చినప్పుడు చూసేది అదే. ఆమె లేచి స్టవ్ దగ్గరికి వెళ్ళినప్పుడు అతను పుస్తకం తన వైపు తిప్పుకుని, వేలితో వరస వెంట పోతూ చదివాడు. ఈ నెలలో ప్లాన్ల మాష్టారు తొమ్మిదిసార్లున్నాడు. తను ఒకచోట ఉన్నాడు: 'నాన్నతో కలిసి మార్కెట్టుకి వెళ్ళి సంచి మోశారు.'

"ఏవండీ, అంత శ్రద్ధగా చూస్తున్నారేంటి?"

"ఏం లేదు. మీ మాష్టారికి పుస్తకంలో ఇంకో గది కట్టించాల్సి వచ్చేలా ఉంది."

ఆమె అతని మొహంలోకి చూసింది. "మీరు పిల్లల్తో అరగంట కూర్చోండి, మీకు మేడ కట్టిస్తాను. కూర్చోరు కదా."

శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టాడు. బల్ల మీది కంబళి దులిపి, పెద్ద గాజు పలకను గోడ దగ్గర నుంచి రెండు చేతులా ఎత్తి, అంచు ముందు ఆనించి, మెల్లగా పరుపు మీద పసివాణ్ణి పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాడు. మూల మట్టం ఆనించాడు. కట్టర్ చక్రాన్ని కిరసనాయిల్లో ముంచి, విదిలించి, అవతలి అంచు నుంచి తన వైపుకి ఒక్క లాగు. జర్రుమని గుడ్డ చినిగిన చప్పుడు. గీత మీద రెండోసారి చక్రం పెట్టకూడదు. పెడితే గాజు తనకిష్టమొచ్చిన చోట విరుగుతుంది. గీతను బల్ల అంచుకి తెచ్చి, రెండు బొటనవేళ్ళూ ఆనించి కిందికి వంచితే టక్కుమని విడిపోయింది.

మొదటి ముక్కకి టేపు పెట్టినప్పుడు వేలు అలవాటు కొద్దీ రెండొందల తొంభై ఏడు మీద ఆగింది. ఇరవై ఆరేళ్ళ వేలు. దానికి అసూయలేం తెలుసు? అతను దాన్ని మూడొందల మీదకు జరిపాడు. రెండో ముక్కకీ వేలు అక్కడే ఆగింది, మళ్ళీ జరిపాడు. అయిదో ముక్క దాకా జరుపుతూనే ఉండాల్సి వచ్చింది. ఆరో ముక్క నుంచి వేలుకి కూడా అలవాటైపోయింది. చెడ్డపని నేర్చుకోవడానికి ఏ మాష్టారూ అక్కర్లేదు.

అంచులు రాయితో రుద్దాడు, పిల్లల చేతులు తెగకుండా. తుడిచాడు. పేపర్లు మధ్యలో పెట్టి చెక్కపెట్టెలో నిలబెట్టాడు. అతని చేతి మీదుగా అంత ముచ్చటైన కోత ఈ మధ్య పడలేదు. మిల్లీలో సగం కూడా తేడా లేదు. అన్నీ తప్పే.

పని చేస్తున్నంతసేపూ రేపు అనాల్సిన మాటను నోట్లో నానబెడుతూనే ఉన్నాడు. కోపంగా అనకూడదు. మెల్లగా, మర్యాదగా, నలుగురూ వినేట్టు.

శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. భార్య వింతగా చూసింది. "గాజులు బిగించడానికా పెళ్ళికా?" అంది. చెక్కపెట్టెను స్కూటరు మీద ముందు పెట్టుకుని, మోకాళ్ళతో అదిమిపట్టి, గుంట వచ్చిన చోటల్లా కాళ్ళతో నెట్టుకుంటూ హాలుకి తెచ్చాడు.

హాలు మధ్యలో తెల్లరంగు వేసిన చట్రం నిలబడి ఉంది, పిల్ల భుజాల ఎత్తున. పది పన్నెండుమంది పిల్లలు దాని చుట్టూ చేరారు. పెద్దవాళ్ళు గోడవార కుర్చీల్లో ఉన్నారు. ప్లాన్ల మాష్టారు చొక్కా చేతులు మడిచి, నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఏదో మూల బద్ద సరిచేస్తున్నాడు. అద్దాలాయన్ని చూడగానే లేచి వచ్చి పెట్టెకి ఒక చెయ్యి వేశాడు.

"మీరు రాకపోతే మా పని సున్నా అండీ," అన్నాడు.

"నాదేముందండీ, సామానే కదా," అన్నాడు అద్దాలాయన.

"మొదటి గాజు మీరు పెట్టండమ్మా," అన్నాడాయన పిల్లతో. పిల్లలందర్నీ మీరు అంటాడు. అదొకటి.

పెద్దపిల్ల గుడ్డ గ్లవుజులు తొడుక్కుంది. గాజుని రెండు పక్కలా పట్టుకుని, కింది అంచు ముందు ఆనించి, పై అంచుని మెల్లగా లోపలికి తోసింది. అచ్చం అతను దుకాణంలో చేసినట్టు. పై అంచు చెక్క దగ్గర ఆగిపోయింది. వెనక్కి తీసి, తిప్పి, మళ్ళీ పెట్టింది. ఆగిపోయింది. పెదవి కొరుక్కుంటూ అరచేత్తో నొక్కబోయింది.

"నొక్కకు, పగులుతుంది," అన్నాడు అద్దాలాయన.

రెండో గాజు. మూడోది ఒక మూల దిగి, రెండో మూల ఇరుక్కుని, కీచుమంది. పిల్లల్లో గుసగుసలు బయల్దేరాయి. ప్లాన్ల మాష్టారు వంగి, గాజుకీ చెక్కకీ మధ్య గోరు పెట్టి చూశాడు. పెద్దవాళ్ళు కుర్చీల్లోంచి లేచారు. అద్దాలాయన ఎదురుచూసిన నిశ్శబ్దం వచ్చింది. జేబులోంచి కాగితం తీసి, ముద్ర అందరికీ కనిపించేట్టు విప్పాడు. మడతలు పడి ఉంది అది. నానబెట్టిన మాట బయటికి వదిలాడు.

"కాగితం మీద ఏముందో అదే కోశానండీ. వెంట్రుకవాసి తేడా లేదు. చదువుకున్నవాళ్ళు రాసింది, తప్పుంటుందని ఎలా అనుకుంటాం?"

ప్లాన్ల మాష్టారు కాగితం వైపు కాక, పిల్ల వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అదే అద్దాలాయనకి అర్థం కాలేదు.

"నేను మూడు మిల్లీలు తీసేసే రాశానండీ మొదట," అన్నాడాయన. "అమ్మాయే వద్దంది. 'గాజు దుకాణానికి ఖాళీ కొలతే ఇవ్వాలి, తరుగు మా నాన్న తీస్తాడు. మీరూ తీసి ఆయనా తీస్తే గాజు గలగలలాడుతుంది' అంది. నిజమే కదా అనిపించింది. మీ దగ్గర కూర్చుని చూసిన పిల్ల. అన్నీ మార్చి మళ్ళీ ప్రింటు తీశాను."

హాలంతా వింటోంది. అద్దాలాయన కాగితాన్ని పాత మడతల వెంటే మళ్ళీ మడిచాడు.

పిల్ల గ్లవుజులు విప్పుతోంది, ఒక్కో వేలూ లాగి. చెవులు ఎర్రబడ్డాయి. "నాన్న తీస్తాడనుకున్నాను," అంది. "నేనే తప్పు చెప్పాను మాష్టారూ."

"అందుకే మాష్టారు రాసింది మార్చకుండా ఉండాల్సింది," అన్నాడు డాక్టరమ్మ కొడుకు. డాక్టరమ్మ వాణ్ణి కళ్ళతోనే కసిరి, "చిన్నపిల్ల, పోనివ్వండి. ఈసారి సరిగ్గా అడిగి తెలుసుకుంటుంది," అంది. క్షమించేశారు అందరూ. చెయ్యని తప్పుకి క్షమాపణ దొరకడం కన్నా దరిద్రం ఇంకోటి ఉండదు. ఆ పిల్ల తల వంచుకుని దాన్ని పుచ్చుకుంది.

నేను తియ్యలేదు, అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట గొంతు దాకా వచ్చింది. దాని వెనకే 'ఎందుకు తియ్యలేదు' అన్న ప్రశ్న కూడా వస్తుందని తెలిసి, తిరిగి కిందికి పోయింది. తేలుకుట్టిన దొంగలా గాజులు పేపర్లలో చుట్టుకుంటూ కూర్చున్నాడు. ప్లాన్ల మాష్టారు పక్కన చేరి పేపర్లు అందించాడు. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే అద్దాలాయన ఆయన్నే తిట్టి బతికిపోయేవాడు.

భార్య బుడ్డోణ్ణి నడిపించుకుంటూ ముందు వెళ్ళిపోయింది. స్కూటరు నెట్టుకుంటూ అతను, పెట్టె మీద చెయ్యి వేసి పిల్ల, వెనక నడిచారు. సందు మలుపు తిరిగాక పిల్ల అడిగింది.

"నాన్నా, బేకరీ ఆయన అలమరకి తీశావు కదా తరుగు? నేను చూశాను."

"ఊఁ."

"టైలరమ్మ కిటికీకి కూడా తీశావు."

"ఊఁ."

"మరి దీనికి తియ్యకూడదా?"

అతను స్కూటరు హ్యాండిలు కేసి చూశాడు. "ఒక్కో చోట ఒక్కోలా ఉంటుందే," అన్నాడు.

పిల్ల తల ఊపింది. నమ్మింది. ఇంటికి వెళ్ళగానే నోటు పుస్తకం తీసి రాసుకుంది.

ఆదివారం అతను నిద్ర లేచేసరికి పిల్ల స్టూలెక్కి వంటింటి కిటికీ కొలుస్తోంది. దిగి, రాసుకుని, స్టూలు జరుపుకుని, ముందుగది కిటికీ కొలిచింది. బీరువా అద్దం, గోడ గడియారం, ఫొటో ఫ్రేము, ఏదీ వదల్లేదు. మధ్యాహ్నానికి పక్కింటివాళ్ళ తలుపు కూడా కొలిచి వచ్చింది.

"అక్క వల్ల గాజు గది పాడైపోయింది," అన్నాడు బుడ్డోడు పాటలాగా.

"నోర్ముయ్యరా!" అని అద్దాలాయన వేసిన కేకకి వీధిలో కుక్క లేచి నిలబడింది. వాడు బిత్తరపోయాడు. అంత తప్పేమన్నాడో వాడికి తెలియలేదు.

భార్య రోజు పుస్తకంలో రాయడం చూశాడు: 'పెద్దమ్మాయికి కొలతలు, తీసివేతలు మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి.' సాయంత్రం పిల్ల బట్టలు మడతపెడుతూ తల్లితో అంది, మొహం చూపకుండా. "బుధవారం మేడమ్‌కి డాక్టరాంటీ వాళ్ళ అబ్బాయిని చెప్పమను అమ్మా. నాకు సరిగ్గా తెలియంది నేనెలా చెబుతాను?"

తల్లి ఏదో సర్దిచెప్పింది. పిల్ల వినిపించుకోలేదు. మడతల అంచులు కలవకపోతే విప్పి మళ్ళీ మడతపెడుతోంది.

సోమవారం మధ్యాహ్నం క్యారేజీ బుడ్డోడు తెచ్చాడు. మూల స్టూలు ఖాళీగా ఉంది.

"అక్కేదిరా?"

"లెక్కలు చేస్తోంది."

"ఇవాళ చిన్న దొరగారొచ్చారే," అన్నాడు తాళాలాయన. "అమ్ములపొది ఏమైందన్నా? మీ దూది మాష్టారు పని చెడగొట్టాడట కదా, మొన్న నువ్వు కడిగేశావని విన్నాను. భలే!"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఊరంతా తాళాలు నావే కదా."

అద్దాలాయన క్యారేజీ విప్పలేదు. కోస్తున్న పలకను సగంలో వదిలేసి, దుకాణానికి సగం షట్టరు దించి, బుడ్డోణ్ణి స్కూటరు మీద ముందు నిలబెట్టుకుని ఇంటికి వచ్చాడు.

పిల్ల చాప మీద బోర్లా పడుకుని రాస్తోంది. తల్లి పక్కనే కూరగాయలు తరుగుతోంది. పిల్ల ముందు పుస్తకం తెరిచి ఉంది. అందులో రెండు గళ్ళ పట్టిక. ఎడమవైపు 'తరుగు తియ్యాలి', కుడివైపు 'తియ్యకూడదు'. ఎడమవైపు బేకరీ అలమర, టైలరమ్మ కిటికీ, వంటింటి కిటికీ, ఇలా పదిహేను దాకా ఉన్నాయి. కుడివైపు ఒక్కటే ఉంది: గాజు గది. దాని కింద, వరసగా ఊహలు. 'రంగు వేసినందుకా?' కొట్టివేత. 'లోపల మొక్కలు ఉంటాయనా?' కొట్టివేత. 'చిన్నది అనా?' దాన్ని ఇంకా కొట్టెయ్యలేదు.

అతను చెప్పిన ఒక్క అబద్ధానికి సూత్రం వెతుకుతోంది పిల్ల. రెండు రోజులుగా.

అతను చాప అంచున చతికిలబడ్డాడు. చొక్కా మీది గాజు పొడి దులపడం కూడా మరిచిపోయాడు.

"అది అలా తేలదే," అన్నాడు. "నీ లెక్క తప్పు కాదు. తరుగు తియ్యాల్సిందే. అన్నిటికీ."

"గాజు గదికి కూడానా?"

"దానికి కూడా. నేను తియ్యలేదు."

కత్తిపీట మీద తల్లి చెయ్యి ఆగింది. ఆమె అతని మొహం చూసి, ఏదో పసిగట్టి, అతను తప్పుకోవడానికి ఒక తలుపు తెరిచి పెట్టింది. "పనిలో పడి మర్చిపోయి ఉంటారు. రోజుకి వంద కొలతలాయె."

ఎంత బాగుండేది, ఆ తలుపులోంచి వెళ్ళిపోతే!

"మర్చిపోలేదు," అన్నాడు. "చూసే కోశాను. ఆ కాగితం ఆయనే రాశాడనుకున్నాను."

పిల్ల లేచి కూర్చుంది. పెన్సిలు చేతిలోనే ఉంది. కాసేపు అతన్ని చూసింది. బెరుకుగా కాదు, కోపంగా కాదు. ఇరుక్కున్న గాజుని చూసినట్టు, ఎక్కడ పట్టిందో అని చూసింది.

"ఆయన రాస్తే తియ్యవా?"

అతను చొక్కా మీది గాజు పొడి ఇప్పుడు దులుపుకోసాగాడు.

"నేను రాశానని తెలిస్తే తీసేవాడివా?"

"తీసేవాణ్ణి."

"నేను చెప్పబోయాను కదా. నువ్వే విన్లేదు."

"విన్లేదు."

"అందరూ నాదే తప్పనుకున్నారు నాన్నా."

"రేపు వాళ్ళకి నేను చెబుతాను."

పిల్ల పుస్తకం దగ్గరికి లాక్కుని, కుడివైపున్న 'గాజు గది'ని కొట్టేసి, ఎడమవైపు పదహారోదిగా రాసింది. తర్వాత లోపలి గదిలోకి వెళ్ళి టేపు తెచ్చుకుని, చెప్పులేసుకుంది. హాలు తాళంచెవి తల్లిని అడిగింది. ఒక్కతే వెళ్ళి చట్రమంతా మళ్ళీ కొలిచి వచ్చింది.

ఆ సాయంత్రం దుకాణానికి చీటీ తెచ్చింది. గొట్టం లేదు, ముద్ర లేదు. గళ్ళ కాగితం మీద గుండ్రటి చేతిరాత. కూర్చోకుండానే ఇచ్చింది. 'గోడలు ఎనిమిది: రెండొందల తొంభై ఏడు బై మూడొందల తొంభై ఏడు. కప్పు నాలుగు: రెండొందల తొంభై ఏడు బై నాలుగొందల తొంభై ఏడు.'

"తరుగు తీసే రాశాను," అంది. "నువ్వు తియ్యక్కర్లేదు. ఎంతుందో అంతే కొయ్యి."

రెండొందల తొంభై ఏడు కావాలని అడిగిన మనిషి అతని దుకాణానికి మొదటిసారి వచ్చింది. వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

పాత పన్నెండు గాజుల నుంచి ఆ మూడు మిల్లీలు తియ్యడం జరిగే పని కాదు. అంత సన్నటి పీలిక తిన్నగా విడదు. కొరికి కొరికి తియ్యాలి, అంచు రంపంలా అవుతుంది. వాటిని పక్కన పెట్టి కొత్త పలక దించాడు. చీటీలో ఉన్నది ఉన్నట్టు కోశాడు. టేపు మీద వేలు రెండొందల తొంభై ఏడు దగ్గరే ఆగింది. ఆగాక కూడా అతను కళ్ళజోడు సవరించుకుని, చీటీ చూసి, మళ్ళీ టేపు చూశాడు. ఒక్కో ముక్కకీ రెండేసిసార్లు చూశాడు. పని నేర్చుకునే కొత్తలో అలా చూసేవాడు.

మంగళవారం సాయంత్రం హాల్లో అందరూ ఉన్నారు. మర్నాడు మేడమ్ వస్తుందని బొమ్మలు అతికిస్తున్నారు, కుర్చీలు సర్దుతున్నారు. అద్దాలాయన పెట్టె దించి, చెమట తుడుచుకుని, నలుగురూ వినేట్టు చెప్పాడు. మెల్లగా, మర్యాదగా చెప్పాలని ఏమీ నానబెట్టుకోలేదు కాబట్టి తడబడ్డాడు.

"శనివారం తప్పు అమ్మాయిది కాదండీ. దాని కొలత సరైనదే. తరుగు నేనే తియ్యలేదు. తెలిసే తియ్యలేదు."

'తెలిసే' అన్న మాట అందరికీ అందలేదు. "అయ్యో, పర్లేదండీ, పనన్నాక జరుగుతుంటాయి," అంది డాక్టరమ్మ. "మూడు మిల్లీలకే ఇంత కథా!" అని బ్యాంకాయన నవ్వేశాడు. ప్లాన్ల మాష్టారికి మాత్రం అందింది. ఆయన ఒక క్షణం అతని కళ్ళలోకి చూసి, చూపు తిప్పుకుని, చట్రాన్ని కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. "కానివ్వండి," అన్నాడు.

అద్దాలాయన పెట్టెలోంచి మొదటి గాజు తీసి, పేపరు విప్పి, చట్రం వైపు అడుగు వేశాడు.

"ఉండు నాన్నా," అంది పిల్ల.

గాజు బల్ల మీద పెట్టమని చెయ్యి చూపించింది. పెట్టాడు. ఆమె జేబులోంచి టేపు తీసింది. కొక్కెం అంచుకి తగిలించి, రెండో చివర దాకా లాగి, వంగి, ఒక కన్ను మూసి చూసింది. పొడవు, తర్వాత వెడల్పు. అద్దాలాయన గాజుని ఈ ఇరవై ఆరేళ్ళలో ఏ మనిషీ అతని ఎదుట కొలిచి చూడలేదు.

"ఏంటమ్మా, నాన్నగారి కోత మీదే అనుమానమా?" అన్నాడు బ్యాంకాయన, వెనక నుంచి.

పిల్ల టేపు మీంచి తల ఎత్తలేదు. "మాష్టారు ఏదైనా కొలిచి చూడమన్నారండీ," అంది.

అది నిజమో, తండ్రిని కాపాడ్డానికి అప్పటికప్పుడు అల్లిందో అతనికి తెలియలేదు. టేపు చుట్టుకున్నాక ఆమె తల ఊపింది. "సరిపోయింది. పెట్టు."

గాజు గడిలో దిగింది. చుట్టూ సన్నగా ఊపిరంత సందు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్లాన్ల మాష్టారు బద్ద అందించాడు, అతను మేకు దించాడు. ఒక్కటి కొలిచింది కదా, ఇక చాలనుకుంటుందిలే అని, రెండోది తీసి నేరుగా చట్రం దగ్గరికి నడిచాడు. వెనక నుంచి ఆమె ఏమీ అనలేదు. అతనే ఆగాడు. తిరిగి చూశాడు. ఆమె బల్ల దగ్గర టేపు పట్టుకుని నిలబడి ఉంది.

వెనక్కి వచ్చి, గాజు బల్ల మీద పెట్టి, పక్కకు జరిగాడు.

మూడోదీ కొలిచింది, నాలుగోదీ కొలిచింది. కప్పు గాజుల దగ్గరికి వచ్చేసరికి హాల్లో సగంమంది వెళ్ళిపోయారు. బుడ్డోడు కుర్చీలో నిద్రపోయాడు. ప్లాన్ల మాష్టారు కూడా చేతులు కడుక్కుని వచ్చి, ఇక కొలవక్కర్లేదేమో అన్నట్టు పిల్ల వైపు నవ్వుతూ చూశాడు. పిల్ల ఆయనకి తిరిగి నవ్వింది. వంగి, ఒక కన్ను మూసి, పన్నెండోది కూడా కొలిచింది.